గేటుకి కుడిపక్క వేపచెట్టు

మధ్యాహ్నం కాస్త కునుకు పడితే నాకు ముందుగా కనిపించేది తెలుపు. మనుషులూ మాటలూ ఆ తరవాతే. చిన్నప్పుడు ఈస్టరు దగ్గరపడుతుంటే మా అమ్మ పెరట్లో మూలనున్న పాత తొట్టిని బయటికి లాగి, పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నపురాయి అందులో వేసి నీళ్లు పోసేది. రాళ్లు చిటచిటమని పగిలి, పొగలు లేచి, తొట్టి మొత్తం కుతకుతలాడేది. "దూరంగా పోవే, కళ్లల్లో పడిద్ది" అని అమ్మ అరుస్తుంటే నేను ఇంకాస్త దగ్గరికి జరిగేదాన్ని. చెప్పిన మాట వినే రకం నేను అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. బడిలో పిల్లలకి సోషల్ చెప్పీ చెప్పీ రిటైరయ్యాను గానీ ఆ మొండితనం మాత్రం రిటైరు కాలేదు.

ఆ సున్నం మా ఇంటికి కాదు. నరసరావుపేట నడిబొడ్డున, పాత చర్చి వెనకాల ఉన్న సమాధుల తోటకి. ఈస్టరు ముందు శనివారం అందరూ బకెట్లూ కుంచెలూ పట్టుకుని అక్కడికి చేరేవాళ్లు. ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసుకునేవాళ్లు. ఆదివారం తెల్లవారుజామున మళ్లీ వచ్చి కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. మసక వెలుతుర్లో తోట నిండా తెల్లటి దిబ్బలు, వాటి మీద చిన్న చిన్న మంటలు, మధ్యలో నడుస్తున్న చీరల కుచ్చెళ్లు. అవన్నీ నేను చూశానో, అమ్మ భుజం మీద నిద్రపోతూ కలగన్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

మా సమాధి చిన్నది. నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే జ్వరంతో పోయిన మా అన్నది. పేరు చెక్కిన రాయి వేయించే స్తోమతు అప్పట్లో మావాళ్లకి లేదు. మట్టి మెత్తిన దిబ్బ, దాని మీద సున్నం, అంతే. అమ్మ మాత్రం సున్నం ఆరాక చుట్టూ ఎర్రమన్నుతో వేలి మందాన అంచు దిద్దేది, మా ఇంటి గడపకి దిద్దినట్టే. "పసిపిల్లోడు, దిష్టి తగలకూడదు" అనేది. పోయినవాడికి దిష్టేందమ్మా అంటే నా నెత్తిన ఒక్కటి మొట్టేది. తలాపున ఒక పాల బిస్కెట్ పెట్టి, "అన్నయ్యకి దండం పెట్టు" అనేది. నాకు ఒళ్లు మండేది. నేను అప్పటికే బడికి పోతున్నాను, నాలుగక్షరాలు వచ్చినదాన్ని. నా మోకాలంత ఎత్తు లేని దిబ్బని అన్నయ్యా అని ఎట్లా పిలుస్తాను? ఉత్తినే పెదాలు కదిపి ఊరుకునేదాన్ని.

మా పక్క సమాధి మా వీధి చివరింటావిడ మామగారిది. ఆమెని నేను అత్తా అంటాను, అమ్మ వదినా అనేది. తెలుపు ఇంకా తెల్లగా కనపడాలని అత్త సున్నంలో నీలిమందు కలిపేది. చెయ్యి కాస్త పెద్దది కాబట్టి ఎప్పుడూ ఎక్కువే పడేది, వాళ్ల సమాధి లేత నీలానికి తిరిగేది. ఆ మామగారు బతికున్నన్నాళ్లూ నోట్లో చుట్ట లేకుండా ఎవరూ చూడలేదట. అందుకని ఈస్టరు నాడు అత్త పూలూ కొవ్వొత్తీ పెట్టాక తలాపున ఒక చుట్ట గుచ్చి, ముట్టించి మరీ వెళ్లేది. పాస్టరుగారు ఆ పొగ కనపడనట్టు ఇంకో వరసలోకి నడిచేవారు.

ఒక ఏడు వాన పడి ఆ నీలం కారి మా ఎర్ర అంచుని తినేసింది. అమ్మ అడిగింది. "మీ ఎరుపు మా మామ మీద పడలా?" అని అత్త ఎదురు తిరిగింది. మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లు, ఒకే పాటల పుస్తకంలోకి తొంగి చూసేవాళ్లు, పలకరించుకునేవాళ్లు కాదు. మా ఊళ్లో పంతం పట్టారంటే అట్లాగే ఉంటుంది.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో పెద్ద గాలివాన వచ్చింది. తోట పల్లంలో ఉండేది. కాలవ పొంగి, ప్రహరీ కూలి, నీళ్లు నిలిచిపోయాయి. దొరల కాలం నాటి రాతి సమాధులు నిలిచాయి గానీ మట్టి దిబ్బలన్నీ ఒండ్రు కప్పేసి ఆనవాలు లేకుండా పోయాయి. చర్చి కమిటీవాళ్లు లారీలతో మట్టి తోలించి నేల మెరక చేశారు, కొత్త గోడ కట్టి కొత్త గేటు పెట్టారు. ఆ పని అయ్యాక మా వరసవాళ్లందరం వెళ్లి ఎవరి దిబ్బ వాళ్లు మళ్లీ లేపుకున్నాం. లెక్క మాకు కంఠతా వచ్చు. గేట్లోంచి రాగానే కుడిపక్క వేపచెట్టు. దాని దగ్గర మొదలయ్యే వరసలో ఆరు సమాధులు. మూడోది మాది, నాలుగోది అత్తావాళ్లది. ఆ లెక్క ప్రకారమే అమ్మ ముప్పై ఏళ్ల పైగా మా అన్నకి సున్నం వేసింది, అంచు దిద్దింది, బిస్కెట్ పెట్టింది.

ఈమధ్య కమిటీ ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని తీర్మానించింది. మెయిన్ రోడ్డు పక్క జాగా, ఎన్నాళ్లని చూస్తూ ఊరుకుంటారు? దొరల సమాధుల మాటేంటని ఎవరో కోర్టుకి వెళ్లారు. పునాది తియ్యకముందే పురావస్తువాళ్లు వచ్చి, నేల కింద ఎవరు ఎక్కడున్నారో పరిశీలించి రాసివ్వాలని కోర్టు చెప్పింది. ఆ తరవాత అందరినీ వినుకొండ రోడ్డులో కొన్న కొత్త తోటకి తరలిస్తారు. ఫలానావాళ్లని తేలితే విడిగా పెట్టె, విడిగా గుంట. ఎవరో తేలకపోతే అందరినీ కలిపి ఒకే గోతిలో పెట్టి పైన ఒక రాయి వేస్తారు.

అమ్మకి ఎనభై దాటాయి. ఈ కబురు నేనే చెప్పాను. "నా పిల్లోణ్ణి విడిగానే పెట్టాలి. వాడి పక్కన నా చోటు అట్టిపెట్టమను. ఇంకేం అడగను" అంది. మా అమ్మ జీవితంలో ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూళ్లేదు. ఆ ఒక్కటీ దక్కకపోతే ఆమె ఏమైపోతుందోనని నాకు అప్పుడే గుబులు పట్టుకుంది.

పరిశీలనకి వచ్చినవాళ్లకి పెద్ద ఒకావిడ. గుంటూరు వైపు మనిషి, పెద్ద టోపీ, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. మేమంతా మేడం అనేవాళ్లం. ఈస్టరు అయిన వారానికే వచ్చారు కాబట్టి సమాధుల మీద సున్నం ఇంకా కళ్లు చెదిరేట్టు ఉంది. తవ్వకమంటే గునపాలూ పారలూ అనుకున్నాను. వాళ్లు ముందు తోటంతా దారాలు కట్టి గళ్లు చేశారు. తరవాత చిన్న తాపీలతో, పెయింటు బ్రష్షులతో నేలని గీకడం, నిమరడం. పెరిగిన పిల్లకి జడ వేస్తున్నంత ఓపిక.

ఆ రోజులు నాకు రోజుల్లాగా గుర్తు లేవు. ఒకటే పొడుగాటి మధ్యాహ్నం అనిపిస్తుంది. అమ్మ గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, నేను పక్కన రాతి సమాధి మీద. రోడ్డు మీద పిడుగురాళ్ల లారీలు పోతుంటే నేల సన్నగా వణికేది. వేపపూత రాలి అమ్మ తెల్లజుట్టులో చిక్కుకునేది. తాపీల చప్పుడు వింటుంటే కళ్లు మూతలు పడేవి. గోడ అవతల సెల్ ఫోన్ షాపుల బోర్డులు ఎండకి నీళ్లల్లో ఉన్నట్టు ఊగేవి. ఒకసారి అమ్మ కళ్లు మూసుకునే, "ఏమే, పాలు పొంగుతున్నయ్ చూడు" అంది. నేను కూడా లేచి రెండడుగులు వేశాను, పొయ్యి ఎక్కడుందో వెతుక్కుంటూ. మేడం నవ్వు ఆపుకోలేక టోపీ ముందుకి లాక్కుంది.

మా వరసలో ముందు మా దిబ్బనే తెరవమని అమ్మ అడిగింది. తెరిచారు. రెండో రోజు సాయంత్రం మేడం నన్ను పక్కకి పిలిచింది.

"టీచరుగారూ, మీ అన్న పసిబిడ్డ అన్నారు కదా."

"అవును."

"ఈ గుంట నిలువెత్తు మనిషిది. పిల్లలది కాదు. ఈ దిబ్బ కింద ఎక్కడా పిల్లల గుంట ఆనవాలేమీ లేదు."

నాకు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు ముందు వచ్చేది కోపమే. సరిగ్గా చూడండి, మా అమ్మకి తెలియదా, మీకు తెలుసా అని గట్టిగానే మాట్లాడాను. ఆమె టార్చి వేసి చూపించింది. పెద్ద పెద్ద కాళ్ల ఎముకలు, పక్కపక్కనే నిద్రపోతున్నట్టున్నాయి.

అమ్మకి చెప్పక తప్పలేదు. ఆమె ఏడవలేదు. "అయితే నా పిల్లోడేడి?" అని అడిగింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "అది కాదు. నా పిల్లోడేడి?" అని మళ్లీ అడిగింది, మార్కెట్లో బిడ్డ చెయ్యి వదిలేసిన తల్లి అడిగినట్టు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ముట్టలేదు. కంచం ముందు పెట్టుకుని కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది. ఆమెని అట్లా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ మర్నాడు ఒక్కదాన్నే తోటకి వెళ్లాను. మేడం గుంటలో దిగి గోడని చాకుతో కోసినట్టు నున్నగా చెక్కుతోంది. "దిగండి, మీకొకటి చూపిస్తాను" అంది. పైన అమ్మ వేసిన సున్నం, ఏడాదికో పొర, వెన్నకాగితాల కట్టలా. దాని కింద లారీల మట్టి మూరెడు మందాన. ఆ మట్టి కింద గాలివాన కన్నా ముందటి పాత సమాధి. దాని మీదా సున్నపు పొరలే. కానీ అవి తెల్లగా లేవు.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. లేత నీలం. ఆ నీలం ఎవరి చేతిదో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు.

మేడం అప్పటికే వరసకి అవతలి కొనలో ఒక పుచ్చిపోయిన మొద్దు బయటపెట్టింది. "ఇక్కడ ఇంకో వేపచెట్టు ఉండేదా?" అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. వరసకి రెండు కొసలా రెండు వేపచెట్లు ఉండేవి. పాత గేటు వెనక సందులోకి ఉండేది, కొత్త గేటు మెయిన్ రోడ్డు వైపు పెట్టారు. అటునుంచి వస్తే కుడిపక్క ఒక చెట్టు, ఇటునుంచి వస్తే కుడిపక్క రెండోది. మేము లెక్కపెట్టుకునే చెట్టు గాలివానకి పడిపోయింది. మేమేమో కొత్త గేట్లోంచి వచ్చి, కుడిపక్క వేపచెట్టు ఉంది కదా అని మిగిలిన చెట్టు నుంచి లెక్కపెట్టాం. వరస మొత్తం తిరగబడింది. మూడోది నాలుగోదైంది, నాలుగోది మూడోదైంది. ఇన్నేళ్లూ పిల్లలకి బోర్డు మీద నాలుగు దిక్కులు గీసి నేర్పినదాన్ని నేను. ఆ వరసలో ఉన్న ఆరు కుటుంబాలవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అంటే మా అన్న అత్తావాళ్ల దిబ్బ కింద ఉండాలి. కానీ ఆ దిబ్బ తెరవాలంటే అత్త ఒప్పుకోవాలి. వాళ్లింటికి వెళ్లాను. ఆమె వరండాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. విషయం చెప్పేసరికి చేతిలో పండు చాటలో పడేసింది.

"మా మామ జోలికొస్తే ఊరుకునేది లేదు. ఇంకా ముహూర్తం పెట్టందే పోయినోళ్లని కదిలిస్తారా. మీ అమ్మ పంపిందా?"

"అమ్మకి తెలియదత్తా. నేనే వచ్చాను."

"మరి ఆమె రాదేం?"

"లేవట్లేదు. రెండు రోజుల్నుంచి అన్నం తినట్లేదు. నా పిల్లోడేడి అని అడుగుతా ఉంది."

అత్త చాట పక్కన పెట్టింది. చాలాసేపు చేతులకంటిన పులుపు చీరకి తుడుచుకుంటూనే ఉంది. తరవాత చేతికర్ర కోసం వెతుక్కుంది.

తోటలో మేము తెరిచిన గుంట అంచున అత్త చతికిలబడింది. మేడం ఆమె భుజం పట్టుకుంటే ముందుకి వంగి, వేలికి ఉమ్మి అద్దుకుని ఆ నీలపు పొరని రాసింది. వేలిని ఎండలో పెట్టి చూసుకుంది.

"ఇది నా నీలే" అంది. "చెయ్యి ఎక్కువ పడిందని మా ఆయన తిట్టేవోడు. మామ ఇక్కడున్నాడా." అక్కడే కూర్చుని కొంగు నెత్తి మీదికి లాక్కుని ఒక దండం పెట్టుకుంది. తరవాత మేడం వైపు తిరిగి, "అది తెరవండమ్మా. మెల్లగా. పసిబిడ్డ ఉన్నాడంట" అంది.

మర్నాడు అమ్మని ఆటోలో తీసుకొచ్చాను. గుంటకి ఒక పక్క అమ్మ కుర్చీ, రెండో పక్క అత్త కుర్చీ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవట్లేదు. ఇద్దరూ గుంటలోకే చూస్తున్నారు. అత్త వేసిన నీలి పొరలు తీశారు, లారీల మట్టి తీశారు. మధ్యాహ్నానికి మేడం బ్రష్షు కింద చిన్న తెల్లటి గూను లాంటిది లేచింది. ఒక దిండంత ఉంటుంది. మేడం దాని చుట్టూ మట్టిని ఊదుకుంటూ పోతుంటే అంచున వేలి మందాన ఎర్రటి గీత బయటపడింది. ఒక మూల కొంచెం చెదిరి, మిగతాదంతా నిన్న దిద్దినట్టే ఉంది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. నేను చెయ్యి అందించినా పట్టుకోలేదు. గుంట అంచుకి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ గీత వెంబడి గాల్లో వేలు తిప్పింది, మళ్లీ దిద్దుతున్నట్టు. "ఉన్నాడు" అంది. అంతే. ఎంత సంతోషమంటే, అంత ఎండలోనూ ఒళ్లు చల్లబడిపోయింది.

కాసేపటికి అత్త అందుకుంది.

"అయితే ఇన్నేళ్లూ నేను చుట్టలు పెట్టింది..."

అమ్మ తలెత్తి ఆమెని చూసింది. "నా పిల్లోడికి. పాలు తాగే పిల్లోడికి ఏటేటా చుట్ట ముట్టించి పోయినావా వదినా."

వదినా అన్న మాట నేను ఆ నోట విని ఎన్నేళ్లయిందో. అత్త కూడా విన్నది. కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నువ్వు మా మామకి బిస్కెట్లు పెట్టలా? చివర్లో ఆయనకి పళ్లు కూడా లేవు. పాలల్లో నానేసుకుని తినుంటాడు."

ముందు అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆగక, కుదుపుగా మారి, ఏడుపైంది. అత్త లేచి, గుంట చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూలబడింది. "ఏ ఒక్క ఏడూ మానలా వదినా" అంది. "మోకాళ్లు పోయినాక కూడా మనిషిని పెట్టి సున్నం వేయించినా. నీ బిడ్డని ఎప్పుడూ వట్టిగా వదల్లా." అమ్మ ఆమె చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మేడం కళ్లజోడు తీసి, మెడలో వదిలేసి, ఇంకో గుంట దగ్గర పనేదో ఉన్నట్టు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ పప్పూ అన్నం కలుపుకుని తింది, ఇంకొంచెం పెట్టమని అడిగింది.

వరసలోవాళ్లందరినీ ఎవరివాళ్లో తేల్చి, ఆ సంవత్సరం తొలకరి పడ్డాక కొత్త తోటకి తరలించారు. వినుకొండ రోడ్డులో పెద్ద చేను, చుట్టూ కంచెకి పాతిన రాతి కడీలు, ఇంకా చెట్లు లేవు. ఆకాశం మబ్బుగా, తడిమట్టి వాసన వేస్తూ, అంతా ఎవరో నెమ్మదిగా చెప్తున్న కథలాగా ఉంది. మా అన్న పెట్టె అరచేతుల్లో పట్టేటంతది. దాని ఒక పక్క అమ్మ కోసం అట్టిపెట్టిన చోటు, రెండో పక్క అత్తావాళ్ల మామగారు. ఈసారి పక్కపక్కనే కావాలని కమిటీని ఇద్దరూ కలిసి వెళ్లి అడిగారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మట్టి పూడ్చారు. అమ్మ చిన్న దిబ్బ చుట్టూ ఎర్రమన్ను అంచు దిద్దింది. అంచు వంకర పోయింది.

అత్త సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్టూ, ఒక చుట్టా తీసింది. ఈసారి పొరపాటు జరగకూడదని బిస్కెట్ చేతిలో పట్టుకుని మా అన్న వైపు వంగింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది మీ మామకి పెట్టు, అలవాటుపడ్డాడు. చుట్ట ఇటు తే."

"పసిబిడ్డకి చుట్టేంది వదినా."

"ఇంకా పసిబిడ్డ ఏంది. ఉంటే ఈపాటికి అరవై దాటేవి. చుట్ట తాగే వయసే గదా."

అమ్మ ఆ మాట మామూలుగానే అంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నాకు ఆ లెక్క తట్టలేదు. ఉన్నట్టుండి ఆ చేలో, తడిమట్టి మీద ఒక మనిషి నిలబడ్డాడు. నెరిసిన మీసం, ఎగగట్టిన పంచె, అమ్మ ముక్కే. ఇంత మబ్బులో అమ్మనెందుకు తీసుకొచ్చావే అని నన్ను కసురుకుంటున్నాడు. ఎవరిమీదైనా ఇంత బెంగ పెట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మ చుట్టని తలాపున మెత్తటి మట్టిలో గుచ్చింది. అత్త కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది. పాస్టరుగారు అటు తిరిగి ఫోను చూసుకుంటున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, మా అన్నయ్యకి చుట్ట ముట్టించాను.